పెద్దయ్యాక పియానో: కష్టం వయసులో ఉందా, వేళ్లలో ఉందా?

"నాకు నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే పియానో వస్తుందా?" పెద్దవాళ్లకు పాఠాలు చెప్పే ఎవరికైనా ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. పిల్లల్ని క్లాసుకు తీసుకొచ్చి గంటసేపు బయట కుర్చీలో కూర్చునే తల్లి, హోమ్ లోన్ తీరాక ఇప్పటికైనా తన కోసం ఏదో ఒకటి చేసుకోవాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చిన్నప్పుడు వీణ నేర్చుకుని పెళ్లయ్యాక వదిలేసిన ఆవిడ, రిటైరైన లెక్చరర్. వస్తుంది అన్నది నిజమైన జవాబే. కానీ ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. మొదలుపెట్టి కొన్ని నెలలకే మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. "వయసైపోయింది, ఇక మన వల్ల కాదు" అనుకుంటూ మానేస్తారు. వాళ్లను ఆపింది చాలావరకు వయసు కాదని నా నమ్మకం. ఎక్కడ చిక్కుకున్నారో వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే.

బయటి నుంచి చూస్తే పియానో ఒక్క విద్యలాగే కనిపిస్తుంది. లోపలికి వెళ్తే ఐదారు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. కాగితం మీద రెండు వరుసల్లో రాసి ఉన్న స్వరాలను ఒకే చూపులో చదవాలి. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేయాలి. ఏ స్వరం గట్టిగా పలకాలో, ఏది మెత్తగా పలకాలో వేలితోనే చెప్పాలి. లయ జారకూడదు. వాయిస్తూనే తను వాయించేది తనే వినాలి. చిన్నపిల్లలకు ఇవన్నీ సున్నా నుంచి మొదలై కలిసే పెరుగుతాయి కాబట్టి పెద్దగా బాధ ఉండదు. పెద్దవాళ్ల సంగతి అలా కాదు. ముప్పై నలభై ఏళ్లుగా మంచి పాటలు విన్న చెవి వాళ్లది. కలిపి పలికే స్వరాల గుంపైన కార్డ్ అంటే ఏమిటో, మెట్లలా ఎక్కే స్వరాల వరుసైన స్కేల్ అంటే ఏమిటో చెబితే గంటలో అర్థం చేసుకుంటారు. చేతికి మాత్రం ఇంకా ఏమీ తెలియదు. చెవి తప్పును వెంటనే పట్టేస్తుంది, బుర్ర కారణం కూడా చెప్పేస్తుంది, వేలు మాత్రం మళ్లీ అదే తప్పు కీ మీద పడుతుంది. పెద్దవాళ్లను కుంగదీసేది ఈ అంతరమే.

అందుకే "పియానో వస్తుందా రాదా" అని అడిగే బదులు, ఈ పనుల్లో నాకు రానిది ఏది అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

వయసు నిజంగా ఏం తీసుకుపోతుంది

వయసుకు ఏ సంబంధమూ లేదని చెబితే అది అబద్ధం. ఎక్కడో మోగిన హారన్ విని, ఇంకే స్వరంతోనూ పోల్చుకోకుండానే "ఇది ఎఫ్ షార్ప్" అని చెప్పేసేవాళ్లు కొద్దిమంది ఉంటారు. దాన్ని పర్ఫెక్ట్ పిచ్ అంటారు. అది ఉన్నవాళ్లలో దాదాపు అందరూ బాగా చిన్నతనంలో సంగీతం మొదలుపెట్టినవాళ్లే. నలభైలో మొదలుపెట్టేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. దాని అవసరమూ లేదు. మన కర్ణాటక సంగీతం మొత్తం ఆధార షడ్జాన్ని బట్టి మిగతా స్వరాలను గుర్తుపట్టడం మీదే నడుస్తుంది. పర్ఫెక్ట్ పిచ్ లేని విద్వాంసులు మనకు కొల్లలు.

2005లో స్టాక్‌హోం పరిశోధకులు వృత్తిగా పియానో వాయించేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, వాళ్లు ఏ వయసులో ఎన్ని గంటలు సాధన చేశారో దానితో పోల్చి చూశారు. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి సంకేతాలు మోసే తెల్ల పదార్థం సాధనను బట్టి తేడాగా కనిపించింది. బాల్యంలో చేసిన సాధన ప్రభావం ఎక్కువ చోట్ల కనిపించిన మాట నిజం. అయితే పెద్దయ్యాక చేసిన సాధనతో ముడిపడిన భాగాలు కూడా అందులో ఉన్నాయి. పెద్దవాళ్ల మెదడు కూడా సాధనకు స్పందిస్తూనే ఉంటుంది. తేడా అంతా ఎంత వేగంగా, ఎంత విస్తారంగా అన్నదాంట్లోనే ఉంది.

కచేరీ పియానిస్టు కావాలంటే ఆ తేడా పెద్దదే. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక మంచి రచనను రెండు చేతులతో హాయిగా వాయించుకోవాలంటే ఆ తేడా అడ్డు కాదు. పెద్దవాళ్లకు నిజంగా కరువైంది టైమ్. దాని సంగతి సాధన గురించి చెప్పేటప్పుడు చూద్దాం.

హార్మోనియం చేతికి పియానో ఎందుకు కొత్త

తెలుగునాట కీల వాయిద్యం అంటే ముందు గుర్తొచ్చేది హార్మోనియం. పద్యనాటకం నుంచి భజన మందిరం దాకా అదే. తర్వాత చర్చిల్లో కీబోర్డులు వచ్చాయి. పాస్టర్ గారు పాట ఎత్తుకోగానే శ్రుతి పట్టుకుని కార్డ్స్ వేసే కుర్రాళ్లు కోస్తా ఊళ్లలో ఎంతమందో. వీళ్లలో ఎవరైనా పియానో ముందు కూర్చుంటే కీల అమరిక తెలిసే ఉంటుంది. మిగతా చాలా సంగతులు మాత్రం కొత్తగా ఉంటాయి.

హార్మోనియంలో ఎడమ చేయి తిత్తి కొడుతుంది, కుడి చేయి ఒక్కటే స్వరాలు వాయిస్తుంది. కీ నొక్కి ఉంచినంతసేపూ, గాలి అందినంతసేపూ స్వరం అలాగే నిలబడుతుంది. కీని ఎంత గట్టిగా కొట్టినా ధ్వని పెరగదు. పెంచాలంటే తిత్తి దగ్గర పెంచాలి. పియానోలో ఈ మూడూ తారుమారవుతాయి. ఎడమ చేతికీ పూర్తి పని ఉంటుంది. స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. ధ్వని ఎంత అన్నది పూర్తిగా వేలి వేగం మీద ఆధారపడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే వాయించే తీరే మారుతుంది. కీ కిందికి దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. ఆ ప్రయాణం చివర్లో, ఉన్ని దట్టించిన చిన్న సుత్తి కీ పట్టు నుంచి విడిపోయి, తనంత తానే వెళ్లి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. సుత్తి విడిపోయాక మీరు కీని ఎంత అదిమినా ఆ స్వరానికి ఏమీ కాదు. ఉద్వేగంగా వాయించాలని కీ అడుగు దాకా పోయి అక్కడ ఇంకా నొక్కిపెట్టేవాళ్లు మణికట్టును అలసిపెట్టుకుంటున్నారు తప్ప సంగీతానికి చేర్చేదేమీ లేదు. ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలోమియో క్రిస్టొఫోరి 1700 ప్రాంతంలో ఈ యంత్రాన్ని తయారుచేసింది, ధ్వనిని వాయించేవాడి వేలికే అప్పగించడానికి. అంతకుముందున్న హార్ప్సికార్డ్ తీగను మీటేది, ఎంత గట్టిగా నొక్కినా ఒకేలా పలికేది. ఆయన 1720లో చేసిన పియానో ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఏ వాయిద్యం కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. షాపుల్లో అందరూ కీల సంఖ్య గురించే మాట్లాడతారు: 61 ఉన్నాయా, 88 ఉన్నాయా అని. పూర్తి పియానోకు 88 కీలు, వాటిలో 52 తెల్లవి, 36 నల్లవి. మొదటి ఏడాది వాయించే రచనలు దాదాపు అన్నీ 61 కీల్లో ఇమిడిపోతాయి. అసలు చూడాల్సింది కీ బరువు. మామూలు కీబోర్డు కీలు స్ప్రింగు మీద తేలిగ్గా దిగిపోతాయి. డిజిటల్ పియానోలో సుత్తి బరువును పోలిన ఏర్పాటు ఉంటుంది, కీ కొంచెం ఎదురు తిరుగుతుంది. రెండేళ్లు తేలిక కీల మీద నేర్చుకున్నవాళ్లు నిజమైన పియానో ముందుకు వస్తే ధ్వని వాళ్ల చెప్పుచేతల్లో ఉండదు. డిజిటల్ పియానో మామూలు కీబోర్డు కంటే కొన్ని రెట్లు ఖరీదు. అయినా కొనగలిగినవాళ్లు అదే కొనాలి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు ఇంకో లాభం ఉంది. రాత్రి పదకొండుకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు, పక్కింటివాళ్లకు వినబడదు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు, మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే టచ్ రెస్పాన్స్ ఉన్న కీబోర్డైనా తీసుకోవాలి. అది కూడా లేనిదాని మీద పియానో నేర్చుకోవడం కుదరదు.

కీబోర్డులో ఎడమ చేత్తో ఒక కార్డ్ నొక్కితే డ్రమ్స్, బాస్ అన్నీ వచ్చేసే స్టైల్స్ ఉంటాయి కదా. పాటకు తోడుగా అవి బాగుంటాయి. కానీ పియానో నేర్చుకునే ఇంట్లో వాటిని ఆపెయ్యాలి. ఎడమ చేయి నేర్చుకోవాల్సిన పనిని మెషీన్ చేసి పెడుతుంది.

రెండు చేతుల పంచాయితీ

పెద్దవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. కుడి చేయి ఒంటరిగా బాగుంటుంది, ఎడమ చేయి ఒంటరిగా బాగుంటుంది, కలపగానే రెండూ చెడతాయి. దీన్ని తెలివితక్కువతనమని అనుకోకండి. మన నాడీవ్యవస్థ తయారైన తీరే అది.

చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు చూపుడువేళ్లను ముందుకు చాపి, రెండింటినీ ఒకేసారి కుడికి, ఒకేసారి ఎడమకు ఊపండి. మెల్లగా ఊపినంతసేపు బాగానే ఉంటుంది. స్పీడ్ పెంచుకుంటూ పోండి. ఒక దశలో మీ ప్రమేయం లేకుండానే వేళ్లు దారి మార్చుకుంటాయి. రెండూ లోపలికి, రెండూ బయటికి, అద్దంలో ప్రతిబింబాల్లా కదలడం మొదలుపెడతాయి. స్కాట్ కెల్సో అనే శాస్త్రవేత్త 1980లలో దీన్ని ప్రయోగాల్లో కొలిచి చూపించారు. శరీరానికి అద్దం కదలికే సహజం. మిగతావన్నీ నేర్పాలి.

ఇప్పుడు పియానో మీద మొదట నేర్పే సి మేజర్ స్కేల్ చూడండి. మన లెక్కలో శంకరాభరణమే అది. పియానోలో తెల్ల కీలకు ఏ నుంచి జి దాకా ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. సి దగ్గర షడ్జం పెట్టుకుంటే అన్నీ తెల్ల కీలే. పియానోలో బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. కుడి చేయి పైకి వెళ్లేటప్పుడు వేళ్ల వరుస 1-2-3-1-2-3-4-5. అంటే 'మ' దగ్గర బొటనవేలు మిగతా వేళ్ల కింద నుంచి దూరి రావాలి. ఎడమ చేయి అదే దిశలో వెళ్తే వరుస 5-4-3-2-1-3-2-1. అక్కడ 'ద' దగ్గర మధ్యవేలు బొటనవేలి మీదుగా దాటాలి. ఒక చేయి 'మ' దగ్గర, ఇంకో చేయి 'ద' దగ్గర మలుపు తిరుగుతాయి. మొదటి నెలలోనే రెండు చేతులతో ఈ స్కేల్ ఒకే దిశలో వాయించమంటే ఎవరికైనా చిరాకు రావడం న్యాయమే.

దాన్ని తిరగేస్తే కథ మారుతుంది. రెండు బొటనవేళ్లనూ మధ్యలో పెట్టి, కుడి చేయి పైకి, ఎడమ చేయి కిందికి ఒకేసారి వెళ్తే రెండు చేతుల వరుసా ఒకటే: 1-2-3-1-2-3-4-5. ఒకే క్షణంలో ఒకే వేలు. శరీరానికి ఇష్టమైన కదలిక ఇది. చాలామంది టీచర్లు ఇలా ఎదురు దిశలో మొదలుపెట్టించడానికి కారణం అదే.

సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్లకు ఇంతకంటే చక్కని దారి ఒకటి ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం ఆరోహణలో స్వరాల మధ్య దూరాలను సెమిటోన్లలో (నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తే పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమిటోన్) రాస్తే 1, 3, 1, 2, 1, 3, 1. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. కీబోర్డు మీద నల్ల, తెల్ల కీల అమరిక కూడా డి అనే కీకి అటూ ఇటూ సరిగ్గా అద్దంలా ఉంటుంది. రెండో శ్రుతి అంటామే, అదే డి. కాబట్టి రెండో శ్రుతిలో షడ్జం పెట్టుకుని, కుడి చేత్తో మాయామాళవగౌళ ఆరోహణ, ఎడమ చేత్తో అవరోహణ ఒకేసారి వాయిస్తే చేతులు రెండూ అక్షరాలా ప్రతిబింబాలవుతాయి. కుడి చేతికి డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి వస్తుంటే ఎడమ చేతికి డి, సి షార్ప్, బి ఫ్లాట్, ఏ వస్తాయి (షార్ప్ అంటే ఆ కీకి ఒక సెమిటోన్ పైది, ఫ్లాట్ అంటే ఒక సెమిటోన్ కిందిది). ఒక చేతికి నల్ల కీ వస్తే రెండో చేతికీ నల్ల కీయే. బొటనవేలు దూరాల్సిన చోట రెండువైపులా తెల్ల కీయే ఉంటుంది. వినడానికి కూడా బాగుంటుంది. చెవికి ముందే తెలిసిన రాగం కాబట్టి తప్పు పడితే మరుక్షణం తెలిసిపోతుంది.

చేతులు ఇలా కలిసి కదలడానికి అలవాటు పడ్డాక వాటిని విడదీయడం మొదలవుతుంది. ఎడమ చేయి ఒకే స్వరం పట్టి ఉంచితే కుడి చేయి నాలుగు స్వరాలు వాయించడం, తర్వాత ఎడమ చేయి రెండు, కుడి చేయి నాలుగు. తాళం వేస్తూ పాడిన అలవాటున్నవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. చేయి ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో నడపడం వాళ్లకు కొత్త కాదు కదా.

చదవడం వేరే పని

చేతుల చిక్కు, చదువు చిక్కు వేర్వేరు. కానీ కొత్తవాళ్లకు రెండూ ఒక్కసారే ఎదురై, ఏది ఆపుతుందో తెలియకుండా పోతుంది. తెలుసుకోవడం సులువే. కాగితం తీసేసి, బట్టీ పట్టిన నాలుగు స్వరాలను రెండు చేతులతో వాయించి చూడండి. అది బాగా వస్తే చిక్కు చదవడంలో ఉంది.

పియానో స్వరాలను కాగితం మీద చుక్కలుగా రాసే స్టాఫ్ నొటేషన్‌లో ఐదేసి గీతల వరుసలు రెండు ఉంటాయి. పైది ఎక్కువగా కుడి చేతికి, కిందిది ఎడమ చేతికి. అన్నిటికంటే కింది గీత పై వరుసలో ఇ, కింది వరుసలో జి. ఒకేలా కనిపించే చుక్కకు రెండు చోట్ల రెండు పేర్లన్నమాట. కొత్తవాళ్లు ఒక్కో చుక్క దగ్గరా ఆగి, గీతలు లెక్కపెట్టి, పేరు గుర్తుచేసుకుని, ఆ పేరున్న కీ వెతుక్కుంటారు. రెండో తరగతి పిల్లాడు 'స్వాతంత్ర్యం' అన్న మాట ముందు ఆగి ఒత్తులు కూడబలుక్కోవడం లాంటిదే ఇది. ఆ దశ తప్పదు గానీ అక్కడే ఉండిపోకూడదు.

పేర్లన్నీ బట్టీ పట్టే బదులు మూడు స్వరాలను గుర్తుగా పెట్టుకోవాలి. రెండు వరుసల మధ్య చిన్న గీత మీద ఉండే మిడిల్ సి. పై వరుసలో కింది నుంచి రెండో గీత, అది జి, ఆ వరుస మొదట్లో ఉండే గుర్తు దాని చుట్టూనే సుడి తిరిగి ఉంటుంది. కింది వరుసలో కింది నుంచి నాలుగో గీత, అది ఎఫ్, ఆ వరుస మొదట్లో ఉండే గుర్తులోని రెండు చుక్కలు దానికి అటూ ఇటూ ఉంటాయి. మిగతావాటిని ఈ మూడింటి నుంచి ఎంత దూరమో చూసి చదవాలి. గీత మీది చుక్క పక్కనే ఉన్న ఖాళీలోకి వెళ్తే పక్క కీ. గీత నుంచి పై గీతకు వెళ్తే మధ్యలో ఒక కీ వదిలేయాలి. కళ్లు దూరాన్ని చూస్తే వేళ్లు దూరాన్ని కదులుతాయి, మధ్యలో పేరు అడ్డుపడదు.

సరిగమలు వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. మనకు షడ్జం ఏ శ్రుతిలోనైనా షడ్జమే. స్టాఫ్ మీద అలా కాదు, ఒక చుక్క ఒక కీకే కట్టుబడి ఉంటుంది. సి అంటే ఎప్పుడూ 'స' అని మనసులో అనువదించుకునేవాళ్లు సి మేజర్ దాటి జి మేజర్‌లోకి రాగానే తికమకపడతారు. రెండు లెక్కల్నీ విడిగా ఉంచుకోవడమే మేలు. చెవికి సరిగమలు, కళ్లకు సి-డి-ఇలు.

వేళ్లలో స్పీడ్ పెరుగుతున్నా చదవడం వెనకబడే ప్రమాదం పెద్దవాళ్లలో ఎక్కువ, ఎందుకంటే వాళ్లు త్వరగా బట్టీ పట్టేస్తారు. స్క్రీన్ మీద రంగు పట్టీలు కిందికి జారుతుంటే వాటిని చూసి కీలు నొక్కించే యాప్‌లు ఈ అలవాటును ఇంకా పెంచుతాయి. ఒక పాట వస్తుంది, రెండో పాటకు మళ్లీ మొదటి నుంచి. రోజుకు ఐదు నిమిషాలు, ముందెప్పుడూ చూడని చాలా తేలిక రచన ఒకటి తీసుకుని, తప్పులొచ్చినా ఆగకుండా చివరిదాకా మెల్లగా చదివితే ఆ లోటు తీరుతుంది.

మూడో బార్ దగ్గర ఏమవుతుంది

సాధన ఎలా చేయాలన్నది మాటల్లో చెబితే అందరూ తల ఊపుతారు. కీల దగ్గర చూద్దాం. కొత్తవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వాయించే మినుయెట్ ఇన్ జి అనే చిన్న రచన ఉంది కదా. 1725లో మొదలైన అన్నా మాగ్దలీనా బాఖ్ నోట్‌బుక్‌లోది. చాలాకాలం ఆమె భర్త, ప్రసిద్ధ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచన అనుకున్నారు, నిజానికి రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. మూడు మూడు బీట్ల నడక; అలా మూడేసి బీట్ల ముక్క ఒక్కోదాన్ని బార్ అంటారు.

మొదటి రెండు బార్లలో కుడి చేయి కదలనక్కర్లేదు. బొటనవేలు జి మీద, చిటికెనవేలు పై డి మీద పెట్టుకుంటే ఐదు వేళ్ల కిందే ఐదు స్వరాలు: డి, జి-ఏ-బి-సి, మళ్లీ డి, జి, జి. ఎవరికైనా వచ్చేస్తుంది. మూడో బార్ ఇ అనే స్వరంతో మొదలవుతుంది, అది ఆ ఐదు వేళ్ల పరిధిలో లేదు. చేయి పైకి జరిగి సి మీద బొటనవేలు, ఇ మీద మధ్యవేలు వచ్చేలా కూర్చోవాలి. సరిగ్గా అదే క్షణంలో ఎడమ చేయి బి వదిలి సి మీదికి వెళ్లాలి. అక్కడ దాదాపు అందరూ ఆగిపోతారు.

ఆగాక ఏం చేస్తారన్నదే అసలు విషయం. మొదటికి వెళ్తారు. మళ్లీ రెండు బార్లు చక్కగా వాయిస్తారు, మళ్లీ అక్కడే ఆగుతారు. అరగంట అయ్యాక లెక్క చూస్తే, వచ్చిన రెండు బార్లు పదే పదే వాయించారు, రాని మలుపును ప్రతిసారీ తప్పుగానే వాయించారు. చేయి దేన్ని ఎక్కువసార్లు చేస్తే దాన్నే నేర్చుకుంటుంది. ఇక్కడ అది ఆగిపోవడాన్ని నేర్చుకుంది.

చేయాల్సింది చాలా చిన్న పని. రెండో బార్ చివరి జి, మూడో బార్ మొదటి ఇ. ఈ రెండు స్వరాలే. జి వాయించి, ఇ మీదికి చేయి చేర్చి, నొక్కకుండా ఆగి, సరిగ్గా చేరిందో లేదో చూసుకుని, అప్పుడు నొక్కాలి. అది వచ్చాక ఎడమ చేతి బి, సి కలపాలి. తర్వాత ముందు ఒక బీట్, వెనక ఒక బీట్ చేర్చాలి. పది నిమిషాల్లో ఆ మలుపు మెత్తబడుతుంది.

టెక్సస్ యూనివర్సిటీలో రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటే చెబుతుంది. 17 మంది పియానో విద్యార్థులకు రష్యన్ సంగీతకర్త షొస్టకోవిచ్ పియానో కన్చెర్టోలోంచి ఒక చిన్న భాగం ఇచ్చి, తృప్తి కలిగేదాకా సాధన చేసుకోమన్నారు, మర్నాడు వాయించమన్నారు. ఎవరు ఎంతసేపు సాధన చేశారన్నదానికీ, ఎన్నిసార్లు వాయించారన్నదానికీ, మర్నాడు ఎంత బాగా వాయించారన్నదానికీ సంబంధం కనిపించలేదు. ముందు నిలిచినవాళ్లు కూడా తప్పులు చేశారు. కానీ తప్పు పడగానే దాన్ని కచ్చితంగా ఎక్కడుందో పట్టుకుని, స్పీడ్ తగ్గించి, సరిచేసి, సరైన రూపంలోనే మళ్లీ వాయించారు. ఉద్యోగం, ఇల్లు మధ్య అరగంట మాత్రమే దొరికే మనిషికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

అరగంటను రోజూ వాడాలి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం దానికి సాటి రాదు. చేతి కదలికలు నేర్చుకోవడంలో రెండు సాధనల మధ్య విరామానికీ, నిద్రకూ పాత్ర ఉంది. రాత్రి ఎంతకీ రాని మలుపు పొద్దున్నే కొంచెం తేలిగ్గా తగలడం చాలామందికి అనుభవమే.

స్పీడ్ విషయంలో మన సంప్రదాయంలో ఉన్న మూడు కాలాల పద్ధతిని నేను గట్టిగా నమ్ముతాను. టిక్ టిక్ మంటూ లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 50 బీట్ల దగ్గర పెట్టి బీట్‌కు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. తాళం మారదు, చేతి లెక్క మారుతుంది. మొదటి కాలంలో నిలకడ లేనివాళ్లు రెండో కాలానికి వెళ్లకూడదన్న నియమం సంగీతం మేస్టార్లు పెట్టిందే, పియానోకు అక్షరాలా సరిపోతుంది.

శరీరం మాట

మధ్యవేలిని మడిచి అరచేతిని బల్ల మీద బోర్లించి, ఉంగరపు వేలును ఒక్కదాన్నే ఎత్తి చూడండి. దాదాపు లేవదు. పక్క వేళ్లతో దాని స్నాయువులు కలిసి ఉంటాయి. అందరి చేతిలోనూ అంతే. దాన్ని బలవంతంగా విడదీయాలని వ్యాయామాలు చేయకండి. మణికట్టును కొంచెం ఆ వేలి వైపు జరిపితే చేతి బరువే పని చేసిపెడుతుంది.

రోజంతా లాప్‌టాప్ మీద టైప్ చేసేవాళ్లు ముంజేయి ముందే అలసిపోయి పియానో దగ్గరికి వస్తారు. కుర్చీ ఎత్తు చూసుకోవాలి. మోచేయి కీల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉండి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉండాలి. డైనింగ్ టేబుల్ కుర్చీలు చాలావరకు తక్కువ ఎత్తులో ఉంటాయి, కింద గట్టి దిండు వేసుకోవాలి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే ఆ స్పీడ్ మీకు ఎక్కువైనట్టు. నొప్పి వస్తే ఆపేయాలి, నొప్పి మీద సాధన చేయకూడదు. తగ్గకుండా ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

గురువు, పరీక్షలు, పాటలు

మొదటి ఆరు నెలలైనా ఎదురుగా కూర్చుని చెప్పే గురువు ఉండాలి. ఏ కీ తప్పు పడిందో యాప్ చెబుతుంది, మణికట్టు బిగుసుకుపోయిందని చెప్పలేదు. గురువును ఎంచుకునేటప్పుడు పెద్దవాళ్లకు చెప్పిన అనుభవం ఉందా అని అడగండి. పిల్లల పుస్తకాన్నే, పిల్లలకిచ్చే వేగంలోనే చెప్పేవాళ్ల దగ్గర పెద్దవాళ్లకు విసుగొస్తుంది. కారణం చెప్పే గురువు కావాలి, ఎందుకంటే కారణం తెలిస్తే పెద్దవాళ్లు ఇంట్లో తమను తామే సరిచేసుకోగలరు.

బ్రిటన్‌లోని సంగీత పరీక్షా సంస్థలు ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎం పెట్టే పరీక్షలు మన దేశంలో రాసే వీలుంది. ఇనీషియల్ అనే తొలి మెట్టు దాటాక ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు. వయోపరిమితి లేదు. తేదీ ముందు ఉంటేనే పని చేసే స్వభావం ఉన్నవాళ్లకు ఇవి బాగా ఉపయోగపడతాయి. పరీక్ష పేరు చెబితే చేతులు వణికేవాళ్లు రాయకపోయినా పోయేదేమీ లేదు, ఆ సిలబస్‌లోని రచనలు చూసి తమ స్థాయి తెలుసుకుంటే చాలు.

ఇక నచ్చిన పాటలు. సినిమా పాట నేర్చుకోవాలని వచ్చినవాళ్లను రెండేళ్లు ఆగమనడం నాకు సరైనదిగా తోచదు. కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో బార్‌కు ఒక్క స్వరం, కార్డ్‌కు మూలమైన స్వరం. అంతే చాలు, పాట పాటలా వినిపిస్తుంది. తర్వాత ఆ ఒక్క స్వరానికి పంచమం చేర్చి, ఆపైన పూర్తి కార్డ్ చేయొచ్చు. కృతుల దగ్గర మాత్రం పియానోకు హద్దు ఉంది. కీల మధ్య స్వరం జారదు కాబట్టి గమకం పలకదు. తోడి లాంటి రాగం పియానో మీద బోసిపోతుంది. ఎక్కువ గమకం అడగని రచనలు ఏరుకోవాలి.

అలాంటివి మనకు సిద్ధంగానే ఉన్నాయి: ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాలు. ఇంగ్లీషు బ్యాండ్ల బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు, శంకరాభరణంలో. 'సంతతం పాహిమాం' బ్రిటిష్ జాతీయగీతం బాణీలో నడుస్తుంది. సి దగ్గర షడ్జం పెట్టుకుంటే అన్నీ తెల్ల కీలే, మూడు బీట్ల నడక, పెద్ద దూకుళ్లు లేవు. ఎడమ చేత్తో ప్రతి బార్ మొదట్లో షడ్జ పంచమాలు కలిపి పట్టుకుంటే తంబూరాలా నిలబడతాయి. ఆ స్వరాలు తొందరగా తగ్గిపోకుండా, కాలితో తొక్కితే స్వరాలను నిలిపి ఉంచే కుడి పెడల్ వాడాలనిపిస్తుంది గానీ, పాట స్వరాలు కూడా ఒకదాని మీద ఒకటి పడి మసకబారతాయి. పాట రెండు చేతులకూ కుదిరేదాకా పెడల్ జోలికి వెళ్లకండి. కుదిరాక, ప్రతి బార్‌లో షడ్జ పంచమాలు నొక్కిన వెంటనే పెడల్ వదిలి మళ్లీ తొక్కడం నేర్చుకోవచ్చు.